ఉత్తుత్తి సెన్సారు చెప్పిన సున్నా

మా వదిన ఇప్పటికీ నన్ను కొత్తవాళ్ళకి పరిచయం చేసేటప్పుడు "మా ఆడపడుచు సలోమి, కంప్యూటర్లో తప్పులు పట్టే ఉద్యోగం చేసేది" అంటుంది. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. విజిటింగ్ కార్డు మీద ఏవేవో పెద్ద పేర్లు ఉండేవి గానీ, నేను చేసింది అదే. ఒకరు రాసిన ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో, అది జనం నెత్తిన పడకముందే వెతికి పట్టుకోవడం.

మా ఆఫీసు గుంటూరు బ్రాడీపేటలో ఉండేది. కింద కోచింగ్ సెంటరు, పైన మేము. కింద పిల్లలు ఫార్ములాలు వల్లె వేస్తుంటే పైన మా ఫ్యాన్లు తిరిగేవి. కోల్డ్ స్టోరేజీలకీ, పత్తి జిన్నింగ్ మిల్లులకీ, లారీ కాటాలకీ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. హైదరాబాదులో పని చేసే మా బంధువుల పిల్లలు మాది మిరపకాయల కంపెనీ అని నవ్వుకునేవాళ్ళు. నవ్వనీండి. మా ప్రోగ్రాం తప్పు చేస్తే, ఆ తప్పు వల్ల నష్టపోయిన మనిషి తెల్లారేసరికి మా మెట్లెక్కి నిలబడేవాడు. అంత దగ్గరివాళ్ళ కోసం పని చెయ్యడంలో భయమూ ఉంది, తృప్తీ ఉంది.

ఈ మధ్యనే రిటైరయ్యాను. కొత్తగా టెస్టింగ్‌లో చేరిన పిల్లలు ఇంటికొచ్చి ఏం నేర్చుకోమంటారని అడుగుతుంటారు. ప్రమోషన్ల సంగతీ సర్టిఫికెట్ల సంగతీ నన్ను అడక్కండి, వాటికి నేను పనికిరాను. నాకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది, అది చెప్తాను. మా అన్నయ్య ప్రాణానికి సంబంధించింది కాబట్టి మధ్యలో నా గొంతు కాస్త పెరిగితే ఏమీ అనుకోవద్దు.

తలగడ ఏడవదు

ముందు మాక్ ఆబ్జెక్ట్ అంటే ఏమిటో చెప్పాలి. పిల్లలకి చెప్పేటప్పుడు నేను దాన్ని ఉత్తుత్తి వస్తువు అంటాను.

మా చర్చిలో క్రిస్మస్‌కి చిన్నపిల్లలతో నాటకం వేయించే పని చాలాకాలం నాదే. రిహార్సల్స్‌లో బాలయేసుకి బదులు తువ్వాలు చుట్టిన తలగడ పెట్టేవాళ్ళం. ఎన్నిసార్లు ఎత్తుకున్నా పేచీ పెట్టదు, ఎవరి చేతుల్లోనైనా ఇమిడిపోతుంది. ఒక ఏడాది మరియమ్మ వేషం వేసిన పిల్ల ఆ తలగడని ఎంత ముద్దుగా జోకొట్టేదో చెప్పలేను. తీరా నాటకం రోజున పాస్టరుగారి కోడలు తన పసివాణ్ణి తెచ్చి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. వాడు గుక్కపట్టి ఏడుపు లంకించుకున్నాడు. మరియమ్మ బిత్తరపోయి వాణ్ణి యోసేపు చేతుల్లో పెట్టేసింది. యోసేపు గొర్రెల కాపరికి అందించాడు. చర్చి అంతా ఒకటే నవ్వు. ఆ పిల్ల వేదిక వెనక్కి పోయి వెక్కి వెక్కి ఏడ్చింది. దగ్గరికి తీసుకుని, నీ తప్పు కాదమ్మా, పిల్లాడు ఏడుస్తాడని మేమెవ్వరం నీకు చెప్పలేదు అన్నాను.

మా పనిలోనూ అంతే. గ్యాస్ సెన్సారు చెప్పేది విని దీపాలు వెలిగించే ప్రోగ్రాం ఒకటి రాశామనుకోండి. దాన్ని పరీక్షించాలంటే ప్రతిసారీ నిజం సెన్సారు, నిజం గ్యాసు తెచ్చి బల్ల మీద పెట్టుకోలేం. అందుకని దాని స్థానంలో ఒక ఉత్తుత్తి సెన్సారుని పెడతాం. రీడింగ్ ఎంత అని ప్రోగ్రాం అడిగితే ఫలానా అంకె చెప్పు అని దానికి ముందే నేర్పిపెడతాం. ఇలా నేర్పిపెట్టడాన్నే కాన్ఫిగర్ చెయ్యడం అంటారు. నేర్పిన మాట తప్ప అది సొంతంగా ఏమీ అనదు. తలగడ ఏడవాలంటే మనమే ఏడిపించాలి.

శేషగిరిగారి పద్ధతి

మా టీం లీడరు శేషగిరిగారు. మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు. కేకలేస్తే కింద కోచింగ్ సెంటర్లో పాఠం ఆగేది. సాయంత్రానికి మళ్ళీ తనే అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించేవారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళెవరూ ఆయన్ని మర్చిపోలేదు, కొందరు కోపంతో, ఎక్కువమంది ప్రేమతో.

ఆయనకి టెస్టులు వేగంగా జరగాలి. ఒకసారి లారీ కాటాకి ప్రోగ్రాం చేశాం. మా ఉత్తుత్తి కాటా అడగ్గానే బరువు చెప్పేసేది. అన్ని టెస్టులూ పచ్చగా వచ్చాయి, అంటే నెగ్గాయి. తీరా యార్డులో నిజం కాటా మీదికి లారీ ఎక్కితే అంకె ఊగుతూనే ఉంది, డ్రైవరు దిగి పక్కన బీడీ ముట్టించేదాకా నిలబడలేదు. మా ప్రోగ్రాం ఆ ఊగుతున్న అంకెనే పట్టుకుని రసీదు కొట్టేసింది. యార్డంతా మమ్మల్ని ఆటపట్టించారు. ఇంకోసారి తూకం వేస్తే సరిపోయింది కాబట్టి అది నవ్వులతో పోయింది.

ఉత్తుత్తి వస్తువులు చేసుకోవడానికి మేం వాడే రెడీమేడ్ ప్రోగ్రాముల కట్ట ఒకటుంది, లైబ్రరీ అంటారు, అందులో వాటిని రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. నేర్పని ప్రశ్న అడిగితే, ఇది నాకెవరూ చెప్పలేదని మొరాయించి టెస్టుని ఆపేసే రకం ఒకటి. ఏమీ అనకుండా, అంకె అడిగితే సున్నా చేతిలో పెట్టి ఊరుకునే రకం ఇంకోటి. శేషగిరిగారు రెండోదాన్నే పెట్టించారు. మొదటిదైతే అయినదానికీ కానిదానికీ టెస్టులు ఎర్రబడి కొత్తపిల్లలు హడలిపోతారని, పని సాగదని ఆయన వాదన. అందులో అబద్ధం లేదు. నాకూ అది సబబుగానే తోచింది.

అయితే సున్నా అన్నిచోట్లా ఒకటి కాదు. లారీ బరువు సున్నా అని వస్తే ఎవరైనా ఇదేంట్రా అని ఆగి చూస్తారు. గాలిలో గ్యాసు సున్నా అని వస్తే అమ్మయ్య అనుకుంటారు. ఈ తేడా మా ఆఫీసులో ఎవరికీ తట్టలేదు.

కళ్ళు మండే పని

మా అన్నయ్య యోహాను మిర్చి కోల్డ్ స్టోరేజీలో ముఠా మేస్త్రి. ముఠా అంటే బస్తాలు మోసే జట్టు. మా అమ్మానాన్నలు పొలం కూలీలు. నాన్న పోయాక అన్నయ్య బడి మానేసి బస్తా ఎత్తుకున్నాడు, నేను మిషన్ స్కూల్లో చదువుకుంటూ ఉండిపోయాను. ఆ మాట ఎత్తితే ఆయనకి కోపం. చదువు నీ బుర్రలో ఉంది, నా బుర్రలో లేదు, అంతకంటే ఏం లేదు అంటాడు. నేను ఒప్పుకోను. ఇద్దరం దాని మీద ఎప్పుడూ పోట్లాడుకుంటూనే ఉంటాం.

కోల్డ్ స్టోరేజీని చల్లగా ఉంచేది అమ్మోనియా గ్యాసు. పైపుల్లో ఉన్నంతసేపు దానంత మంచిది లేదు. బయటికొచ్చిందంటే ఊపిరి ఆడనివ్వదు. వాసన ముక్కు పగిలేలా ఉంటుంది కాబట్టి మామూలుగా ఎవరైనా కొంచెం తగలగానే పరుగెత్తి బయటపడతారు. మిర్చి ముఠాలకి ఆ వీలు లేదు. పొద్దుట్నుంచీ ఘాటులోనే ఉంటారు. ముక్కుకి తువ్వాలు కట్టుకునే మోస్తారు. కళ్ళు మండుతూనే ఉంటాయి, దగ్గు వస్తూనే ఉంటుంది. గ్యాసు లీకై ఇంకాస్త మండినా, ఈ లోడు కాయ ఘాటెక్కువరా అనుకుని ఇంకో బస్తా ఎత్తుకుంటారు. అన్నయ్యే ఒకసారి అలా అనుకుని ఆలస్యంగా బయటికొచ్చాడు. గొంతు పోయి చాలారోజులు సైగలతో మాట్లాడాడు. పక్క మంచం మీద కూర్చుని ఆ సైగలు చూస్తూ నేను పడ్డ బాధ దేవుడికే తెలుసు.

ఆ తర్వాతే ఆ కోల్డ్ స్టోరేజీ యజమాని ప్రతి గదిలోనూ గ్యాస్ సెన్సారు పెట్టించాడు. గది తలుపు పక్కన ఒక పెట్టె ఉంటుంది. పచ్చ దీపం ఉంటే లోపలికి వెళ్ళొచ్చు. ఎర్ర దీపం వెలిగి సైరన్ మోగితే అందరూ బయటికి రావాలి. ఆ పెట్టెలో నడిచే ప్రోగ్రాం మాదే. మా అన్నయ్య నేను పరీక్షించిన దీపం చూసి లోపలికి వెళ్తాడని నాకు ఎంత గర్వంగా ఉండేదో.

భార్గవి

మిర్చి సీజను జోరుగా ఉన్న రోజులు. మధ్యాహ్నం భోజనాలయ్యాక భార్గవి నా కుర్చీ పక్కకొచ్చి నిలబడింది. చీరాల అమ్మాయి, చేనేత కుటుంబం, అప్పుడప్పుడే ఉద్యోగంలో చేరింది. మాట మెత్తన. ఆ రోజు ముఖం పాలిపోయి ఉంది.

తను ఎప్పుడో రాసిన టెస్టు ఒకటి తప్పని ఇప్పుడు చూసుకుందట. గాలి శుభ్రంగా ఉంటే పచ్చ దీపం వెలగాలి అనేది ఆ టెస్టు. అందులో ఉత్తుత్తి సెన్సారుకి శుభ్రమైన గాలి రీడింగ్ నేర్పాలి. ఆ లైను రాయడమే మర్చిపోయింది. అయినా టెస్టు నెగ్గుతూనే వచ్చింది. శేషగిరిగారు అటుగా వెళ్తూ విని, ఆ ఒక్క లైనూ కలిపి పడెయ్యమ్మా, దీనికింత ఏడుపెందుకు అని వెళ్ళిపోయారు.

ఎవరూ చూడని తప్పు కదా, గుట్టుగా దిద్దుకోకుండా నాకెందుకు చెప్పావని అడిగాను.

"మా ఇంట్లో పోగు తెగితే చూసీ చూడనట్టు నెయ్యరు మేడమ్. మగ్గం ఆపి ముడేస్తారు. నాకు అదే అలవాటు."

ఎంత ముద్దొచ్చిందో ఆ పిల్ల. నవ్వబోయాను. అంతలో ఒక సంగతి తట్టి ఆగిపోయాను. ఏమీ నేర్పని సెన్సారు, నోరే విప్పని సెన్సారు. దాన్ని చూసి మా ప్రోగ్రాం అంతా బాగుందని పచ్చ దీపం వెలిగించింది. మరి నిజం సెన్సారు నోరు మూగబోతే?

ఇద్దరం కూర్చుని ప్రోగ్రాం విప్పి చూశాం. నిజం సెన్సారు గాలి శుభ్రంగా ఉన్నా కూడా కాస్త కరెంటు పంపుతూనే ఉంటుంది, నేను బతికే ఉన్నాను అన్నట్టు. అది కూడా రాకపోతే వైరు తెగిందని అర్థం. మా ప్రోగ్రాం ఆ రెంటినీ కలిపేసి సున్నా చేస్తోంది. భార్గవి చేత అక్కడికక్కడే కొత్త టెస్టు రాయించాను. ఉత్తుత్తి సెన్సారుకి ఈసారి ఉలక్కుండా పలక్కుండా ఉండడం నేర్పాం. అప్పుడు ఎర్ర దీపం వెలగాలని రాశాం. నడిపించాం. పచ్చ దీపమే వచ్చింది.

భార్గవి నోటి మీద చెయ్యేసుకుంది. నాకు మాత్రం మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ అన్నయ్య అన్న మాట గుర్తొచ్చింది. మిరప దుమ్ము పట్టి మీ డబ్బా ఊరికే మోగి చచ్చేది, ఇప్పుడు నోరు మూసుకుందిలే అన్నాడు. మా వాళ్ళు బాగుచేసి ఉంటారనుకుని నేనూ సంతోషించాను.

పచ్చగానే ఉంది

అన్నయ్యకి ఫోను చేశాను. మందం గోడల గది, లోపలుంటే ఫోను కలవదు. కోల్డ్ స్టోరేజీ ఆఫీసుకి చేస్తే గుమాస్తా ఎత్తి, అన్ని గదుల ముందూ పచ్చగానే ఉంది మేడమ్, మీకేం దిగుల్లేదు అన్నాడు. ఆ పచ్చ అనే మాట వినగానే ఫోను పెట్టేసి లేచాను.

భార్గవి స్కూటరు తీసింది, నేను వెనక కూర్చున్నాను. సీజన్లో ఆ రోడ్డు నిండా మిర్చి లారీలే. అంత మెత్తని పిల్ల, ఆ రోజు లారీల మధ్య హారను కొట్టుకుంటూ ఎలా నడిపిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. దారంతా నేను ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

నిజంగానే అన్ని గదుల ముందూ పచ్చ దీపాలు. ముఠాని బయటికి పిలవమని సూపర్‌వైజర్ని అడిగాను. లారీలు వరసకట్టి ఉన్నాయి, దీపం పచ్చగా ఉండగా ఎలా ఆపేదండీ అని నసిగాడు. ఆయన తప్పు కాదు, దీపాన్ని నమ్మమని చెప్పింది మేమే. నేను ఆగలేదు. తలుపు దగ్గరికి పోయి అన్నయ్యని పేరు పెట్టి కేకేశాను. చిన్నప్పుడు కూడా నేనెప్పుడూ అలా పిలవలేదు.

తువ్వాలు ముఖానికి కట్టుకుని, ఎర్రటి కళ్ళతో బయటికొచ్చాడు. నన్ను చూడగానే కంగారుపడ్డాడు.

"ఏమే, ఇంట్లో ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"ఎవరికీ ఏం కాలేదు. ఆ డబ్బా వైరు ఏం చేశావ్ అన్నయ్యా?"

పక్కవాళ్ళ వంక చూశాడు. వాళ్ళందరూ నేల చూపులు చూశారు.

"పీకేశాం. దుమ్ము పడితే మోగుద్ది, మోగితే పని ఆగుద్ది. ఎట్టా మొయ్యాలి బస్తాలు? అన్ని గదుల్లోనూ పీకేశాం. అయినా దీపం పచ్చగానే ఉందిగా."

అందరి ముందూ ఆయన భుజం మీద రెండు దెబ్బలేసి బావురుమన్నాను. ఆఫీసరమ్మ అని అక్కడ నాకున్న పరువంతా పోయింది, పోతే పోయింది. ఆ దీపం నీతో ఏమీ చెప్పట్లేదన్నయ్యా, అది చచ్చి ఊరుకుంది, నువ్వు దాన్ని చూసి లోపలికి పోతున్నావు అన్నాను. అన్నయ్య తువ్వాలు విప్పి నా ముఖం తుడిచాడు. దానికున్న మిరప ఘాటుకి నా కళ్ళు ఇంకా మండాయి. ముఠా అంతా నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ రోజు గ్యాసేమీ లీక్ కాలేదు. దేవుడి దయ. యజమాని మాత్రం లారీలు ఆగాయని గొడవకొచ్చాడు. అప్పటికి భార్గవి ఫోను అందుకుని శేషగిరిగారు ఆటో దిగారు. నోరు మంచిది కాదన్నాను కదా, ఆ నోరు ఆ రోజు మాకు అక్కరకొచ్చింది. మా ప్రోగ్రాం తప్పు, మేం దిద్దుతాం, దిద్దేదాకా ఒక్క బస్తా లోపలికి కదలడానికి వీల్లేదని గేటు దగ్గర నిలబడి అరిచారు. తన తప్పుని అంత గట్టిగా అరిచి ఒప్పుకున్న పెద్దమనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

పిల్లలకి

సెన్సారు నుంచి ఏమీ రాకపోతే ఎర్ర దీపం వెలిగేలా ప్రోగ్రాం మార్చాం. సెన్సారుకి దుమ్ము పట్టకుండా జల్లెడ మూత పెట్టించి, రోజూ పని మొదలుపెట్టేముందు తుడిచే బాధ్యత అన్నయ్య తీసుకున్నాడు. ఆఫీసులో శేషగిరిగారే స్వయంగా ఉత్తుత్తి వస్తువులన్నిటినీ మొరాయించే రకానికి మార్పించారు. టెస్టులు కుప్పలుగా ఎర్రబడ్డాయి. ఎవరూ హడలిపోలేదు, కూర్చుని ఒక్కొక్కటీ దిద్దుకున్నాం.

కాబట్టి నాయనలారా, తల్లులారా, ఉత్తుత్తి వస్తువుకి మంచి మాటలే నేర్పకండి. అబద్ధం చెప్పడం నేర్పండి, ఆలస్యంగా చెప్పడం నేర్పండి, అసలు చెప్పకపోవడం తప్పకుండా నేర్పండి. అది ఊరికే ఇచ్చే సున్నా మీ ప్రోగ్రాం నడిచే చోట ఏ అర్థమిస్తుందో ఆలోచించండి. ఆ చోటు ఎలా ఉంటుందో తెలీకపోతే లేచి వెళ్ళి చూసి రండి. కుర్చీలో కూర్చుంటే మిరప దుమ్ము కనపడదు. ఇక పెద్దకుర్చీల్లోకి వెళ్ళినవాళ్ళకి ఒక మాట. కొత్తపిల్ల వచ్చి తప్పు చేశానంటే చేతిలో పని పక్కన పెట్టి వినండి. భార్గవి ఆ రోజు గుట్టుగా ఒక లైను కలిపేసుకుని ఉంటే మాకెవరికీ ఏమీ తెలిసేది కాదు.

ఆ ఫోను

తర్వాతి సీజన్లో ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అన్నయ్య ఫోను చేశాడు. పని వేళ ఎప్పుడూ చెయ్యడు. గబుక్కున ఎత్తాను.

"సలోమీ, డబ్బా మోగిందే. గ్యాసే. నిజం గ్యాసు. పైపు జాయింటు దగ్గర లీకంట. నాకైతే ఘాటనే అనిపించింది. మోగింది కదాని అందర్నీ లాక్కొచ్చేశా."

అందరూ వచ్చారా అన్నాను. వచ్చాం, లారీ నీడన కూర్చున్నాం, మంచినీళ్ళు తాగుతున్నాం అన్నాడు. ఆ తర్వాత, ఆ చీరాల పిల్ల పక్కనుంటే ఫోనివ్వమన్నాడు.

ఇచ్చాను. అన్నయ్య గొంతు పెద్దది, పక్కన నిలబడ్డ నాకూ వినపడుతూనే ఉంది.

"తల్లీ, మా ముఠా అంతా ఇక్కడే ఉంది. ఒక్కొక్కడూ పేరు చెప్తాడు, విను."

ఫోను చేతులు మారుతున్న చప్పుడు వినిపించింది. దగ్గుతూ ఒకరు, నవ్వుతూ ఒకరు, సిగ్గుపడుతూ ఒకరు, అందరూ తమ పేర్లు చెప్పారు. భార్గవి ఫోను రెండు చేతులా పట్టుకుని, కళ్ళనీళ్ళు కారిపోతున్నా తుడుచుకోకుండా, ప్రతి పేరుకీ "ఆఁ బాబాయ్" అంటూ చివరి మనిషి దాకా వింది.